డిజైన్ ఏజెన్సీకి పని అప్పగించే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు హైదరాబాద్, చుట్టుపక్కల చిన్న, మధ్యస్థాయి వ్యాపారాలు నడిపేవారివే. కరపత్రమో, బోర్డో గీయించుకునే సంగతి కాదు. పేరు మార్చాలా, ఏ సరుకు ఎవరికి అమ్మాలి, సేవ ఎలా మార్చాలి లాంటి పెద్ద నిర్ణయాల కోసం బయటి డిజైన్ సంస్థను ఎలా ఎంచుకోవాలన్నదే వాటి సారాంశం. వాటిలో కొన్నింటికి జవాబులివి.

జీడిమెట్లలో మాకు పచ్చళ్లు, మసాలా పొడుల కంపెనీ ఉంది. జిల్లాల్లో బాగానే పోతున్నాయి, సిటీలో కదలట్లేదు. బ్రాండ్ మొత్తం కొత్తగా చేయిద్దామని ముగ్గుర్ని పిలిచాం. ఒకరు మొదటి మీటింగుకే నాలుగు లోగోలు, ప్యాకెట్ నమూనాలు పట్టుకొచ్చారు, పైసా అడగలేదు. ఇంకొకరు గీత కూడా గీయలేదు. ముందు ఆరు వారాలు స్టడీ చేస్తాం, దానికి విడిగా ఫీజు ఇవ్వండి అంటున్నారు. నాన్నగారికి మొదటివాళ్లే నచ్చారు. మీరేమంటారు? (ఎస్.ఆర్., కూకట్‌పల్లి)

నాన్నగారికి నచ్చడంలో తప్పేం లేదు. కంటికి కనిపించేది ఎవరికైనా నచ్చుతుంది. కానీ ఆ నాలుగు లోగోలు గీసేనాటికి వాళ్లకు మీ అమ్మకాల లెక్క తెలియదు, మీ డీలర్లెవరో తెలియదు, సిటీలో ఎందుకు ఆగిపోయిందో అసలే తెలియదు. నాడి చూడకుండా రాసిచ్చిన మందది. పైగా ఊరికే ఇచ్చిన పని ఖర్చు ఎక్కడికీ పోదు. పని చేతికొచ్చాక ఏదో ఒక బిల్లులో కలుస్తుంది.

మీ సమస్యనే తీసుకుందాం. సిటీలో కదలట్లేదంటే ప్యాకెట్ బాగోలేదనే అర్థం రావాలా? హైదరాబాద్‌లో ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఎండాకాలంలో మిరపకాయలు కొని, ఎండబెట్టి, గిర్నీలో ఏడాదికి సరిపడా కారం పట్టించుకుంటారు. ఆ ఇళ్లకు మీ పోటీ ఇంకో కంపెనీ కారం కాదు, వీధి చివరి గిర్నీ. ప్యాకెట్ కొన్న ఇళ్లలోనూ ఇంటికి రాగానే కత్తిరించి పోపుల డబ్బాలోనో సీసాలోనో పోసి కవరు పారేస్తారు. వంటగదిలో మీ పేరు కనిపించేది ఆ ఒక్క నిమిషమే. అదే అమీర్‌పేట హాస్టళ్లలో, మాదాపూర్ పీజీల్లో ఉండే పిల్లలకు పోపుల డబ్బానే ఉండదు. వాళ్లకు కావలసింది రెండు పూటలకు సరిపోయే చిన్న ప్యాకెట్, మళ్లీ మూసుకునే మూత. ఈ మూడు రకాల కొనుగోలుదార్లకు ఒకే కొత్త లోగో పెట్టి ఏం సాధిస్తారు? మీ అసలు ప్రశ్న ‘ప్యాకెట్ ఎలా ఉండాలి’ కాకపోవచ్చు. ‘ఎవరికి, ఎంత సైజులో, ఏ కొట్టు ద్వారా’ అన్నది కావచ్చు. వ్యూహం స్థాయి పనిలో ఏజెన్సీ దగ్గర మీరు కొనేది ఆ ప్రశ్నను సరిచేసి ఇవ్వడాన్నే. బొమ్మ దాని తర్వాత వస్తుంది.

అలాగని స్టడీ అన్న ప్రతివాళ్లనీ నమ్మమని కాదు. ఆ మాట చాటున నాలుగు నెట్ వ్యాసాలు కలిపి నూట ఇరవై పేజీల రిపోర్టు చేతిలో పెట్టేవాళ్లూ ఉన్నారు. అందుకే రెండోవాళ్లను నాలుగు ప్రశ్నలు వేయండి. ఏ ఇళ్లకు, ఎన్నింటికి వెళ్తారు? బేగంబజార్ హోల్‌సేల్‌లో, మోండా మార్కెట్‌లో, సూపర్‌మార్కెట్లలో ఎవరెవరితో మాట్లాడతారు? వెళ్లేది మీ సీనియర్లా, లేక రోజుకూలీ సర్వే కుర్రాళ్లా? ఆరో వారం చివర మేము ఏ నిర్ణయం తీసుకోగలుగుతాం? చివరి ప్రశ్నకు ‘లోతైన అవగాహన వస్తుంది’ అని జవాబొస్తే లేచి రండి. ‘500 గ్రాముల ప్యాకెట్ సిటీలో కొనసాగించాలా, ఆపేయాలా తేల్చి చెప్తాం’ అన్నట్టు ఉండాలి జవాబు.

సర్వే సంఖ్య విషయంలో ఒక జాగ్రత్త. ‘ఐదుగురితో మాట్లాడితే చాలు’ అని కొందరంటారు. అది 2000లో వెబ్‌సైట్ల వాడుక నిపుణుడు జేకబ్ నీల్సెన్ చెప్పినది, వెబ్‌సైటో సాఫ్ట్‌వేరో వాడేటప్పుడు తగిలే లోపాలు పట్టుకోవడానికి. ఏ మార్కెట్లోకి దిగాలన్న ప్రశ్నకు ఆ లెక్క వర్తించదు. మీ మూడు రకాల కొనుగోలుదార్లలో ఒక్కో రకానికి ఎనిమిది, పది ఇళ్లైనా చూడాలి. వాళ్ల మాట వినడంతో సరిపెట్టకుండా అలమార తెరిపించి చూడాలి.

మా సలహా: స్టడీని విడి ఒప్పందంగా పెట్టుకోండి. అది ముగిశాక ఎవరి దారి వాళ్లు చూసుకునే వీలుండాలి. నోట్సు, ఫొటోలు, రికార్డింగులు అన్నీ మీకే ఇవ్వాలి, వాటితో మీరు వేరే ఏజెన్సీ దగ్గరికి వెళ్లినా అడ్డు చెప్పకూడదు. దీనికి ఒప్పుకునే ఏజెన్సీకి తన పని మీద నమ్మకం ఉన్నట్టే.

ఇంకొక్క మాట, ప్యాకెట్ల దాకా వచ్చాక పనికొచ్చేది. మీ కవర్లు చెక్కిన లోహపు సిలిండర్లతో అచ్చేసే గ్రావ్యూర్ ప్రింటింగ్‌లో వేయిస్తున్నట్టయితే ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్, ఒక్కో సైజుకు వేరే సెట్టు. ఆరు రంగుల డిజైన్‌ను నాలుగు సైజుల్లో వేస్తే 24 సిలిండర్లు. సిలిండర్ చెక్కాక అక్షరం మార్చినా మళ్లీ ఖర్చే. రంగుల సంఖ్య ఎంతకు మించకూడదో ముందే ఏజెన్సీకి రాసివ్వండి. మొదటి విడత డిజిటల్ ప్రింటులో కొద్దిగా వేయించి, కొట్లలో పెట్టి చూశాకే సిలిండర్ల జోలికి వెళ్లండి. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, శాకాహార గుర్తు, ఎమ్మార్పీ, నికర బరువు వంటివన్నీ మొదటి నమూనాలోనే ఉండాలి. చివర్లో ఇరికిస్తే అందమంతా పోతుంది.

చర్లపల్లిలో వ్యవసాయ బోరు మోటార్ల స్టార్టర్ ప్యానెళ్లు తయారుచేస్తాం. కొత్త తరం ప్యానెల్ రూపకల్పనకు డిజైన్ ఏజెన్సీ కోసం చూస్తున్నాం. బ్రీఫ్ (ఏం కావాలో చెప్పే పత్రం) పంపమంటున్నారు. అందులో ఏం రాయాలి, ఎంతమందికి పంపాలి? (కె.వి., కుషాయిగూడ)

రెండు మూడు పేజీలు చాలు. కంపెనీ చరిత్ర నాలుగు వాక్యాలు. ప్రస్తుత సరుకు, అమ్మకం, ఎక్కడినుంచి ఫిర్యాదులు వస్తున్నాయి. ఇప్పటికే ఏం ప్రయత్నించారు, అది ఎందుకు కుదరలేదు. దేన్ని మార్చకూడదు (ఉన్న అచ్చులు, డీలర్ మార్జిన్ లాంటివి). గడువు. చివరి మాట ఎవరిది. బడ్జెట్ ఎంతలో ఉంటుంది.

బడ్జెట్ చెబితే అంతా లాగేస్తారేమోనని చాలామంది దాస్తారు. దాచినందువల్ల జరిగేది ఒక్కటే: ఒకరు రెండు లక్షల పని ఊహించి, ఇంకొకరు ఇరవై లక్షల పని ఊహించి కొటేషన్లు ఇస్తారు. పోల్చడానికి వీలే ఉండదు. ‘ఇంత నుంచి ఇంత’ అని రాయండి.

బ్రీఫ్‌లో పరిష్కారం రాయకండి. ‘టచ్ స్క్రీన్ ఉన్న ప్యానెల్ కావాలి’ అని రాస్తే అందరూ టచ్ స్క్రీనే గీసుకొస్తారు. ‘రాత్రి కరెంటొచ్చినప్పుడు రైతు చీకట్లో, తడి చేతులతో స్టార్టర్ వేస్తాడు, ఏ ఫేజు పోయిందో తెలియక మోటారు కాలిపోతోంది’ అని రాయండి. తడి చేతికి టచ్ స్క్రీన్ పనికిరాదన్న సంగతి మంచి ఏజెన్సీ తానే చెబుతుంది.

ఎనిమిది పేర్లు రాసుకుని, ఫోన్లో మాట్లాడి, ముగ్గురికే బ్రీఫ్ పంపండి. పదిమందిని పరిగెత్తిస్తే మంచివాళ్లే ముందు తప్పుకుంటారు. ఒకరు అడిగిన సందేహానికి మీరిచ్చే జవాబు మిగతా ఇద్దరికీ పంపండి. రెండు నుంచి మూడు వారాలు గడువివ్వండి. గంటన్నర మీటింగులో వాళ్ల ప్రదర్శన అరగంట మించనివ్వకండి, మిగతా గంట ప్రశ్నలకే.

మీది వస్తువు కాబట్టి కేవలం గ్రాఫిక్స్ చేసే ఏజెన్సీ సరిపోదు. ప్లాస్టిక్ పెట్టె గీసినవాళ్లు దాని గోడ మందం ఎంత, అచ్చులోంచి సులువుగా జారేలా వాలు ఎంత ఇచ్చారు, మూత ఏ అతుకు దగ్గర తెరుచుకుంటుంది చెప్పగలగాలి. వాలు ఇవ్వని పెట్టె స్క్రీన్ మీద చక్కగా ఉంటుంది, అచ్చులో ఇరుక్కుంటుంది. డ్రాయింగులను అచ్చు చేసేవాళ్లకు చూపించాకే ఖాయం చేయండి. బాలానగర్‌లో అచ్చుల పనికి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, రాయదుర్గంలో నమూనాల తయారీకి టీ-వర్క్స్ ఉన్నాయి. ఏజెన్సీకి ఇలాంటి చోట్ల పనిచేయించుకున్న అలవాటుందో లేదో అడగండి.

మాకు సిటీలో ఐదు డయాగ్నస్టిక్ సెంటర్లు ఉన్నాయి. కిందటేడాది ఒక ఏజెన్సీని పెట్టుకున్నాం. ఎంపిక రోజు ఇద్దరు డైరెక్టర్లు వచ్చి అద్భుతంగా మాట్లాడారు. సంతకాలయ్యాక వాళ్లు మళ్లీ కనిపించలేదు. కొత్తగా చేరిన పిల్లలు వచ్చి రిసెప్షన్ గోడ రంగుల గురించి అడిగి వెళ్లారు. ఈసారి అలా కాకుండా ఏం చేయాలి? (డా. పి.ఎల్., దిల్‌సుఖ్‌నగర్)

ఇది ఈ రంగంలో పాత జబ్బే. ఎంపిక మీటింగుకే ‘పని చేయబోయేవాళ్లు రావాలి, వాళ్లే మాట్లాడాలి’ అని ముందుగా మెయిల్ పెట్టండి. ఒప్పందంలో పేర్లతో సహా రాయించండి: ఫలానా వ్యక్తి వారానికి ఇన్ని రోజులు, ఫలానా డైరెక్టర్ ప్రతి దశ చివర మీటింగులో తప్పనిసరి. ఎవరైనా ఉద్యోగం మానేస్తే అదే అనుభవమున్నవారిని మీరు చూసి ఒప్పుకున్నాకే పెట్టాలి. లేకపోతే ఆ దశలోనే ఒప్పందం ఆపే హక్కు మీకుండాలి.

పాత క్లయింట్లతో మాట్లాడేటప్పుడు ‘బాగా చేశారా’ అని అడగకండి, బాగానే చేశారంటారు. మేమైతే ఇలా అడుగుతాం: వాళ్లు మిమ్మల్ని ఏ విషయంలో కాదన్నారు? ఏ పని వద్దని మానిపించారు? రెండేళ్ల తర్వాత వాళ్లు చెప్పినదాంట్లో ఇప్పటికీ ఏది వాడుతున్నారు? పని ముగిసి ఏడాది రెండేళ్లైన క్లయింటు నంబరే అడిగి తీసుకోండి. ఇప్పుడు పని నడుస్తున్న క్లయింటు మొహమాటపడతాడు.

అయితే డాక్టరుగారూ, మీ వైపు సంగతి కూడా ఒకటుంది. సేవ రూపకల్పన అంటే శాంపిల్ ఇచ్చిన మనిషి రిపోర్టు అందుకునేదాకా నడిచే దారంతా. ఉదయం ఏడింటికి షుగర్ టెస్టుకు పరగడుపున వచ్చి, టోకెన్ కోసం, బిల్లు కోసం, రక్తం తీసేచోట మూడు వరుసల్లో నిలబడే ముసలాయన్ను వాళ్లు చూడాలంటే మీరు లోపలికి రానివ్వాలి, ల్యాబ్ మేనేజరు సమయం ఇప్పించాలి. మీ సంస్థలో నిర్ణయం తీసుకోగలిగినవారు ఒకరు వారానికి అరపూటైనా ఈ పనికి కేటాయించలేకపోతే ఎంత గొప్ప ఏజెన్సీ వచ్చినా మళ్లీ గోడ రంగుల దగ్గరే ఆగుతుంది. రోగుల వివరాలు, రిపోర్టులు వాళ్ల చేతికి ఇవ్వకండి. ఫొటోలకు, ఇంటర్వ్యూలకు రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇది మర్యాద కోసం మాత్రమే కాదు.

మూడు కొటేషన్లు వచ్చాయి: 4 లక్షలు, 11 లక్షలు, 26 లక్షలు. పని ఒకటే! ఎలా పోల్చాలి? (ఆర్.ఎన్., నాచారం)

పని ఒకటి కాదు, అందుకే ధరలు మూడు. ముగ్గుర్నీ ఒకే పట్టిక నింపమనండి: ఏ దశలో ఎవరు, ఎన్ని రోజులు, రోజుకెంత, చివర మీ చేతికొచ్చేదేంటి, ఎన్ని విడతల మార్పులు ఇందులో కలిసున్నాయి, ప్రయాణం, ఫొటోలు, ఫాంట్ లైసెన్సులు, ప్రింటర్ దగ్గర పర్యవేక్షణ లోపలా బయటా. పట్టిక వచ్చాక 4 లక్షలవాళ్లు స్టడీ వదిలేశారనో, 26 లక్షల్లో సగం యాడ్ ఫిల్మ్ షూటింగనో తేలుతుంది.

ధరకిచ్చే మార్కులు తప్ప మిగతావన్నీ ధర చూడకముందే వేయండి. మా లెక్కలో మనుషులకు 30, పద్ధతికి 25, ఇలాంటి సమస్య మీద అనుభవానికి 20, పాత క్లయింట్ల మాటకు 15, ధరకు 10. ‘ఇలాంటి సమస్య’ అంటే ‘ఇలాంటి సరుకు’ అని కాదు. మీ పోటీదారుకు పనిచేసినవాళ్లయితే వాళ్ల మసాలానే మీకూ వడ్డించే ప్రమాదముంది. నలుగురు కూర్చుని ఎవరికివారు విడిగా మార్కులు వేయాలి, ఆ తర్వాతే కలిపి మాట్లాడుకోవాలి. పెద్దాయన ముందు నోరు విప్పితే మిగతావాళ్ల మార్కులు ఆయన వైపే జారతాయి.

చెల్లింపులు తేదీలకు కాకుండా దశలకు ముడిపెట్టండి. అడ్వాన్స్ 30 శాతం, స్టడీ ముగిశాక 30, డిజైన్ ఖాయమయ్యాక 25, ఫైళ్లన్నీ చేతికొచ్చాక 15 అనుకోవచ్చు. డిజైన్ సేవల మీద జీఎస్టీ 18 శాతం. మీరు తయారీదారైతే, కట్టిన జీఎస్టీని మీ పన్నులో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది కాబట్టి పెద్ద భారం కాదు. పైన రాసిన డాక్టరుగారి పరిస్థితి వేరు. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నందున ఆయనకు ఆ క్రెడిట్ రాదు, 10 లక్షల పనికి అచ్చంగా 11.8 లక్షలు ఖర్చు. బిల్లులో జీఎస్టీ విడిగా చూపితే, చెల్లించేటప్పుడే ఆదాయపు పన్ను కింద పట్టుకునే టీడీఎస్‌ను జీఎస్టీ కలపని మొత్తం మీదే కోయాలి. ఏజెన్సీ ఉద్యం (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు, రాతకోతలు లేకపోతే 15 రోజుల్లోపు చెల్లించాలి. గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి బాకీ మిగిలితే ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, చెల్లించిన ఏడాదే చూపుకోవాలి. ఉద్యం నంబరు ముందే అడిగి పెట్టుకోండి.

పూర్తి ఫీజు కట్టాం. ఒరిజినల్ ఫైళ్లు అడిగితే అవి మావి, మీకు పీడీఎఫ్‌లే ఇస్తామంటున్నారు. లోగో మా డబ్బుతో చేయించుకున్నదే కదా? (ఎమ్.జి., సికింద్రాబాద్)

డబ్బు కట్టినంత మాత్రాన హక్కు మీ పేరుకు వచ్చేసిందని అనుకోవడానికి లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ రాతలో ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. 19వ సెక్షన్‌లో చాలామంది చూడని మెలికలున్నాయి. ఎంత కాలానికో రాయకపోతే ఐదేళ్లకే. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే, సరుకు డల్లాస్‌కు పంపేవాళ్లకు అది ఇబ్బంది. బదిలీ అయిన హక్కును ఏడాదిలోపు వాడకపోతే ఆ బదిలీ చెల్లకుండా పోతుంది, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప. అందుకే ‘పూర్తి కాలానికి, ప్రపంచమంతటికీ, వాడకపోయినా రద్దు కాకుండా’ అనే మూడు మాటలూ ఉండాలి.

మీ విషయంలో ఇప్పుడైనా బదిలీ పత్రం అడగండి, కొంత అదనంగా ఇవ్వాల్సొచ్చినా. దాంతోపాటు ఇవీ అడగండి: డిజైన్ సాఫ్ట్‌వేర్లలోని అసలు ఫైళ్లు, అంటే ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్ ఫైళ్లు, ఫిగ్మా ఫైలు మీ ఖాతాలోకి, ఫాంట్ లైసెన్సులు మీ పేరు మీద, కొన్న ఫొటోల రసీదులు, ఏఐతో చేసిన బొమ్మలేవైనా ఉంటే ఏవో చెప్పే జాబితా. కొత్తగా ఒప్పందం రాసుకునేవాళ్లెవరైనా ఈ జాబితాను ఒప్పందం చివర అనుబంధంగా పెట్టేసుకోవచ్చు.

లోగో చేతికొచ్చాక ట్రేడ్‌మార్కు ఆలస్యం చేయకండి. పేరు ఖాయం చేసే ముందే ట్రేడ్‌మార్కులు నమోదుచేసే ప్రభుత్వ శాఖ ఐపీ ఇండియా సైట్లో ఉచితంగా వెతకొచ్చు. రాత ఒక్కటే కాదు, ఉచ్చారణ దగ్గరగా ఉన్నవీ చూడాలి. ఆన్‌లైన్‌లో రుసుము వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి (సరుకు రకానికి) 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. పచ్చళ్లు 29వ తరగతి, మసాలాలు 30వది, రెండూ అమ్మితే రెండు తరగతులు. తెలంగాణ చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తుంది. నమోదు పదేళ్లకు, తర్వాత పొడిగించుకోవాలి. చర్లపల్లి కె.వి. గారికి కూడా ఒక మాట: కొత్త ప్యానెల్ ఆకారానికి డిజైన్ రిజిస్ట్రేషన్ కావాలంటే ఎగ్జిబిషన్‌లో పెట్టకముందే, డీలర్ల వాట్సాప్ గ్రూపులో ఫొటో వేయకముందే దరఖాస్తు చేయాలి. ముందే బయటపడ్డ ఆకారం కొత్తది కాదంటారు.

బెంగళూరు, ముంబై ఏజెన్సీలు మెరుగా, ఇక్కడివాళ్లు సరిపోతారా? (టి.ఎస్., మియాపూర్)

ఊరు కంటే మీ కొనుగోలుదారు భాష ముఖ్యం. ఇళ్లకు వెళ్లి తెలుగులో, దక్కనీ ఉర్దూలో మాట్లాడగలిగేవాళ్లు జట్టులో ఉంటే ముంబైవాళ్లైనా పర్వాలేదు. దుబాసీ చెప్పే సారాంశంతో నడిచే స్టడీలో ఇంటి ఇల్లాలి వెటకారమంతా ఎగిరిపోతుంది.

పరీక్ష ఒకటి చెప్తాం. వాళ్లు చేసిన తెలుగు పనేదైనా అసలు సైజులో ప్రింటు తెప్పించుకోండి. ‘స్వచ్ఛమైన’ అన్న మాట చూడండి. చ్ఛ వత్తు కింద సిరా నిండి ముద్దయిందా? కింది వరుస గుడి వచ్చి పై వరుస వత్తుకు గుద్దుకుంటోందా? ఇంగ్లిష్‌కు పెట్టిన వరుసల మధ్య ఖాళీనే తెలుగుకూ పెడితే ఇలాగే అవుతుంది. ‘అమ్మ’ బదులు ‘అమ్‌మ’ అని విడిపోయి కనిపించిందంటే ఇల్లస్ట్రేటర్‌లో దక్షిణాసియా లిపుల అమరిక ఆన్ చేయలేదన్నమాట. తెలుగు చదివేవాడు ఆ బల్ల దగ్గర లేడని కూడా. పాత అను ఫాంట్లలో కొట్టిన మ్యాటరైతే వెబ్‌సైట్‌కు అన్ని సైట్లలో కనిపించే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా మళ్లీ కొట్టుకోవాలి, అదెవరి ఖర్చో ముందే తేల్చుకోండి.

మా బావమరిది కూతురు నిఫ్ట్‌లో చదివింది, బొమ్మలు బాగా వేస్తుంది. ఆ అమ్మాయికే ఇచ్చేస్తే సరిపోదా? (పేరు వద్దన్నారు, మలక్‌పేట)

దీపావళి డబ్బాకు నిక్షేపంలా ఇవ్వండి, మార్కెట్ రేటు ఇవ్వండి. కంపెనీ పేరు మార్చాలా వద్దా అన్న పనికి మాత్రం మీ మొహం మీద ‘ఇది తప్పు మామయ్యా’ అనగలిగితేనే ఇవ్వండి. అనగలదా?